రాజుగారి కళ్ళకు తడిగుడ్డ

ఒకానొక రాజ్యంలో, రాజ్యమంటే మరీ పెద్దదేం కాదు, పొద్దున్నే గుర్రమెక్కితే మధ్యాహ్నం భోజనానికి పొరుగు రాజ్యంలో తేలేంత, గజేంద్ర భూపాలుడనే రాజుగారు ఉండేవారు. ఆ రాజ్యం పేరు చింతలమెట్ట. కెమెరాలు కొత్తగా వచ్చిన రోజులవి.

దర్బారు గోడ మీద రాజుగారి ఫోటో ఒకటి వేలాడేది. అందులో ఆయన సింహాసనం మీద కూర్చుని, కళ్ళు ఇంతింత చేసుకుని చూస్తూ ఉంటారు. "రెప్ప వేయకుండా ప్రజల్ని కాపాడే కళ్ళు" అని వచ్చినవాళ్ళందరికీ ఆయనే చూపించేవారు.

అసలు సంగతి ఇద్దరికే తెలుసు. ఫోటో తీసిన గవరయ్యకి, ఆ రోజు పక్కన గొడుగు పట్టుకు నిలబడ్డ విదూషకుడు పేరిభట్టుకి. భోజనం కాగానే తీసిన ఫోటో అది. ఆ కాలపు కెమెరా ముందు చాలాసేపు కదలకుండా కూర్చోవాలి. రాజుగారు కదల్లేదు. హాయిగా నిద్రపోయారు. లేపే ధైర్యం లేక గవరయ్య, ఫోటో మీద సన్నని కుంచెతో రెండు కళ్ళు గీసి తెచ్చి ఇచ్చాడు. రాజుగారు మెచ్చుకుని శాలువా కప్పారు.

ఇలా ఉండగా రాజుగారికి ఫోటోల పోటీ పెట్టాలనిపించింది. నియమాలు కూడా ఆయనే చెప్పారు.

"అంచులు కత్తిరించుకోవచ్చు. వెలుగు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. దుమ్ము చుక్కలు పడితే కప్పుకోవచ్చు. అంతే! ఉన్నది తీసేసినా, లేనిది చేర్చినా మోసమే. మోసగాడి కెమెరా జప్తు!"

మోసం పట్టుకోవడానికి ఒక ఉపాయం కూడా కనిపెట్టారు. తడిగుడ్డ. కుంచెతో వేసింది తుడిస్తే పోతుంది, కెమెరా చూసింది ఉంటుంది. ఆ ఉపాయానికి ఆయన ఎంత మురిసిపోయారంటే, పోటీ రోజున గుడ్డ ఇంకొకరి చేతికి ఇవ్వలేదు.

ఫోటోలన్నీ పరీక్షకు నిలిచాయి, గవరయ్యది తప్ప. సంతలో గాజులమ్మే నూకాలవ్వ ఫోటో అది. రాజుగారు గుడ్డ పెట్టి రుద్దగానే అవ్వ కళ్ళు పోయాయి. కింద మూసిన రెప్పలు బయటపడ్డాయి.

"ఏమిటిది గవరయ్యా?"

"ఎండకి అవ్వ కళ్ళు మూసేసిందండి బాబూ. అలాగే ఇస్తే, పోయినోళ్ళ ఫోటోలా ఉందని ఏడుస్తాదని గీశానండి."

"జాలి వేరు, నియమం వేరు. కెమెరా జప్తు!"

"బాబూ, ఆ పెట్టె పోతే నా ఇంట్లో పొయ్యి వెలగదండి!"

భటులు అప్పటికే కెమెరా ఎత్తుకున్నారు. గవరయ్య చూపు గోడమీది ఫోటో దాకా వెళ్ళి, బెదిరిపోయి నేలకి దిగింది. ఆ నిజం చెబితే కెమెరాతో పాటు తల కూడా పోతుంది మరి. అది చూసి పేరిభట్టు ముందుకొచ్చాడు. మొహంలో జాలి మాత్రం కనబడనివ్వలేదు.

"తీర్పు భేషుగ్గా ఉంది ప్రభూ. ఒక్కటే వెలితి."

"ఏమిటది?"

"పోటీ చూడ్డానికి పొరుగు రాజ్యం వాళ్ళు వచ్చారు. గాజులమ్మే అవ్వకి పెట్టిన పరీక్ష, గోడమీది ఫోటోకి పెట్టగలరా అని వెనక వరసలో గుసగుసలాడుతున్నారు."

వెనక వరసలో ఎవరూ గుసగుసలాడలేదు. పేరిభట్టు ఆ మాట అన్నాక మొదలుపెట్టారు.

రాజుగారి మీసాలు లేచాయి. "దించండి ఆ పటం! అద్దం విప్పండి!"

"తమరే స్వయంగానా ప్రభూ?"

"నా కళ్ళు నేనే తుడుస్తాను!"

గవరయ్య పక్కనున్న స్తంభాన్ని పట్టుకున్నాడు.

రాజుగారు తుడిచారు. ఎడమ కన్ను పోయింది. నమ్మలేక ఇంకాస్త గట్టిగా తుడిచారు. కుడి కన్ను కూడా పోయింది. ఫోటోలో ఆయన నోరు కొద్దిగా తెరుచుకుని ఉండేది. ఏదో ఆజ్ఞ ఇవ్వబోతున్నారని ఇన్నాళ్ళూ అందరూ అనుకున్నారు. అది గురక కోసమని ఇప్పుడు తెలిసింది.

"నేను... నిద్రపోయానా?" అన్నారు రాజుగారు. "మీరెవరూ చూడలేదా?"

"ఎలా చూస్తాం ప్రభూ? తమ ముందు మేమెప్పుడూ తల వంచుకునే ఉంటాం," అన్నాడు పేరిభట్టు. "తల వంచకుండా తమ వైపు చూసింది ఈ కొలువులో ఆ కెమెరా ఒక్కటే. ఇప్పుడు దాన్నే జప్తు చేస్తున్నాం."

"పేరిభట్టూ! నీ తల..."

"నా తల ఎక్కడికీ పోదు ప్రభూ, ముందు బహుమతి సంగతి తేల్చండి. ఇప్పుడీ ఫోటోలో లేనిది చేర్చలేదు, ఉన్నది తీసేయలేదు. తమ చేత్తో తమరే పరీక్షించారు. నియమం ప్రకారం ఇదీ పోటీలో ఉన్నట్టే. తమరున్న ఫోటో కంటే ఇంకో ఫోటో గొప్పదని ఇక్కడ ఎవరైనా అంటే, వాళ్ళకే ఇచ్చేయండి బహుమతి."

ఎవరు అంటారు?

రాజుగారు పటం వైపు చాలాసేపు చూశారు. పొట్ట మీద చేతులు పెట్టుకుని, లోకంతో పని లేకుండా నిద్రపోతున్న ఆ మనిషిని చూసి ముందు పెదవి బిగించారు. తర్వాత భుజాలు కదిలాయి. తర్వాత తలపాగా జారేలా నవ్వారు. అప్పుడు దర్బారు కూడా ధైర్యం చేసి నవ్వింది.

"ఇంత సుఖంగా నేను ఏ ఫోటోలోనూ లేను! మొదటి బహుమతి గవరయ్యకే. కెమెరా ఇచ్చేయండి. గవరయ్యా, అవ్వ కళ్ళు మళ్ళీ గీసి ఇయ్యి. పోటీకి కాదు, అవ్వకి."

"మరి తమ కళ్ళు బాబూ?"

"వద్దు. ఇలాగే తగిలించండి."

తర్వాత తన వేలి ఉంగరం తీసి పేరిభట్టుకి తొడిగారు. "ఇంకేం కావాలో అడుగు."

"భోజనం తర్వాత దర్బారు ఎత్తేయండి ప్రభూ. గొడుగు పట్టుకుని నిలబడి నిద్రపోవడం చాలా కష్టంగా ఉంది."

రాజుగారు మళ్ళీ నవ్వి, సరేనన్నారు. అప్పటినుంచీ చింతలమెట్టలో అర్జీలన్నీ పొద్దుటిపూటే వినేవారట. వింటున్నంతసేపూ రాజుగారి కళ్ళు, ఎవరూ గీయకుండానే, తెరిచి ఉండేవట.