ఐదు స్టార్లు ఇచ్చాక

కామేశ్వరమ్మగారిని ఎవరైనా ధర్మసందేహం అడిగితే ఆవిడ వెంటనే జవాబు చెప్పేవారు కారు. "సంగతి అయిపోయిందా, ఇంకా నడుస్తోందా?" అని అడిగేవారు. అయిపోయిందంటే తిరిగి పాఠంలోకి వెళ్ళిపోయేవారు. నడుస్తోందంటే చెప్పులు వేసుకునేవారు.

బెంగళూరులో తానుండే అపార్టుమెంటులోనే ఆదివారాలు ఆవిడ గీత చెప్పేవారు. ఒక ఆదివారం పాఠం మధ్యలో, అదే అపార్టుమెంటులో ఉండే వకుళ అడిగింది. "ఒకతని పని బాగాలేదని పైవాళ్ళకి చెబితే అతని పొట్ట కొట్టినట్టు. చెప్పకపోతే అబద్ధమాడినట్టు. ఏది తక్కువ పాపం అమ్మగారూ?"

"ఇంకా నడుస్తోందా?"

వకుళ తలూపింది. ముందురోజు ఆమె ఇంట్లో స్టవ్ సర్వీసు చేసి, గ్యాస్ పైపు మార్చడానికి ఒక కంపెనీ మనిషి వచ్చాడు. పేరు మునిరత్నం, చిత్తూరు వైపువాడు. ఉన్నంతసేపూ ఫోను చెవికీ భుజానికీ మధ్యనే ఉంది. అవతల ఇంకో ఇంటివాళ్ళు ఎప్పుడొస్తావని అరుస్తున్నారు. పైపు బిగిస్తూనే ఓటీపీ అడిగాడు. ఆ నంబరు చెబితే పని పూర్తయినట్టే లెక్క. అది తెలిసీ వకుళ చెప్పేసింది. "ఐదు స్టార్లు పెట్టక్కా, తగ్గితే నాకు రేపు పని ఇవ్వరు" అంటే అదీ పెట్టింది. సాయంత్రం వంటింట్లో సన్నగా వాసన. రెగ్యులేటర్ ఆపేసి, కిటికీలు తెరిచి, పిల్లలిద్దరికీ బ్రెడ్డు పెట్టింది. నిజంగా వాసనేనా, తన భయమా అన్నది ఆమెకే తేలలేదు. వచ్చి చూసి చెప్పడానికి దగ్గరలో ఎవరూ లేరు, తల్లీ అక్కా నెల్లూరులో ఉన్నారు. ఊళ్ళో లేని భర్త ఫోనులో, "నువ్వే ఐదు ఇచ్చావు కదా, ఇప్పుడేమని చెబుతావు?" అన్నాడు.

కామేశ్వరమ్మగారు పుస్తకం మూశారు. "అతన్ని పిలువు. నేనూ వస్తాను."

మునిరత్నం మధ్యాహ్నం వచ్చాడు. హెల్మెట్ తీయలేదు. "ఐదు స్టార్లు ఇస్తిరి గదక్కా. మళ్ళా పిలిచినారేమి?"

"వాసన వస్తోంది."

"కొత్త పైపు వాసనలే అది. అందరూ ఇట్లే భయపడతారు." చెయ్యి అప్పటికే జేబులోని ఫోను మీద ఉంది.

కామేశ్వరమ్మగారు స్టవ్ పక్కన గట్టుకి ఆనుకుని నిలబడి ఉన్నారు. "అలాగే నాయనా, కొత్త పైపు వాసనే. రెగ్యులేటర్ తిప్పి, స్టవ్ నీ చేత్తోనే వెలిగించి వెళ్ళు."

వకుళ గబగబా పిల్లలిద్దరినీ బయట వరండాలోకి పంపి తలుపు దగ్గరగా వేసింది. మునిరత్నం అది చూశాడు. పెద్దపిల్ల అమ్మ ముఖం చూసి, ఏమీ అడక్కుండా తమ్ముడి చెయ్యి పట్టుకుని వెళ్ళింది. అదీ చూశాడు.

అతను వంగి రెగ్యులేటర్ మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తిరగలేదు. ఫోను మోగి మోగి ఆగిపోయింది. కామేశ్వరమ్మగారు ఉన్నచోటు నుంచి కదలలేదు.

"పెద్దమ్మా, మీరు కొంచెం అవతలికి పోండి."

"ఎందుకు?"

అతను హెల్మెట్ తీసి కింద పెట్టాడు. "అక్కా, రవంత సబ్బునీళ్ళు ఇయ్యి."

నురగని స్టవ్ వెనక పైపు బిగింపు చుట్టూ పూసి, అప్పుడు రెగ్యులేటర్ తిప్పాడు. ముగ్గురూ చూస్తుండగా నురగలోంచి ఒక బుడగ లేచి, పెద్దదై, పగిలింది. దాని వెనకే ఇంకొకటి. మునిరత్నం రెగ్యులేటర్ ఆపేశాడు. తర్వాత బిగింపు విప్పి కొత్తది వేశాడు. మళ్ళీ నురగ పూశాడు. ఈసారి ఏ బుడగా రాలేదు. అయినా ఇంకోసారి పూసి చూశాడు.

స్టవ్ వెలిగించి, మంట వైపే చూస్తూ అడిగాడు. "కంపెనీకి చెప్తావా అక్కా?"

వకుళ కామేశ్వరమ్మగారి వైపు చూసింది. ఆవిడ కిటికీ వైపు చూస్తున్నారు. వకుళ ఫోను తీసి, అతని ఎదుటే కంపెనీకి చేసింది. నిన్నటి పని సరిగ్గా చేయలేదనీ, గ్యాస్ లీకయిందనీ, ఇవాళ వచ్చి అతనే బాగు చేశాడనీ చెప్పింది.

"ఒకసారి ఇచ్చిన రేటింగ్ మార్చడం కుదరదు మేడమ్" అంది అవతలి అమ్మాయి.

"మార్చొద్దు. నేను చూడకుండా ఇచ్చాను. అతనికి ఒక ఇంట్లో పని అవకముందే ఇంకో ఇంటి నుంచి ఫోన్లు వస్తున్నాయి. అదీ రాసుకోండి."

మునిరత్నం సంచీ సర్దుకున్నాడు. "వాళ్ళు రాసుకునేది నా పేరొక్కటే అక్కా. మిగతాది ఎవురూ రాసుకోరు." కోపంగా అనలేదు. అందుకే వకుళకి ఎక్కువ గుచ్చుకుంది. అతను మెట్లు దిగుతుంటే ఫోను మళ్ళీ మోగింది. "వస్తాండా సార్, బయల్దేరినా" అంటున్నాడు.

తలుపు మూశాక వకుళ గట్టు పట్టుకుని నిలబడింది. "అతని పిల్లల కూడు తీశానేమో అమ్మగారూ. నా పిల్లలకి ఏం కాలేదు కదా. బాగు చేసి వెళ్ళాడు కదా. ఊరుకుంటే పోయేది."

"ఇప్పుడు ఎవరింటికి వెళుతున్నాడో అడిగావా?"

"లేదు."

"వాళ్ళకీ పిల్లలు ఉంటారు" అన్నారు కామేశ్వరమ్మగారు.