నేలకు ఆనని గెడ

ఉత్తరాంధ్ర తీరాన గాలిమెట్టపాలెం అనే జాలరి గ్రామానికి తూర్పుగా, ఇసుక దిబ్బ మీద శ్రీ దేముడమ్మ తల్లి కొలువై ఉంది. చైత్రమాసంలో వచ్చే భక్తులకు ముందుగా ఎదురయ్యేది గాలి. అది నెత్తిన కొంగు నిలవనీయదు, విస్తట్లో ఇసుక చల్లందే ఊరుకోదు. అయినా జీడితోటలు పూతకొచ్చి ఆ గాలికి కమ్మని వాసన పట్టించే రోజులవి. పండగనాడు డప్పులు, కర్రసాము, ఇంటింటా కొత్త మామిడికాయ వేసి వండిన నెత్తళ్ళ పులుసు. ఇంత సందడిలోనూ ఆఖరి పడవ ఒడ్డు చేరేదాకా ఎవరూ మెతుకు ముట్టరు. అమ్మవారి చేతిలోని వెదురు గెడ నేలకు ఆనదు. ఈ రెండింటికీ కారణం ఒక్కటే. అది ఈ ఊరు గొప్పగా చెప్పుకోదగ్గ సంగతి కాదు.

పూర్వం ఇక్కడ తెప్పలే ఉండేవి. ఒడ్డుకు దగ్గరలో ఇసుక మేటల మీద అలలు విరిగి తెప్పలను తిరగేసేవి. మేటల నడుమ ఒక్కచోట మాత్రం అల విరగని దారి ఉండేది. గాలి మళ్ళితే ఆ దారీ జరిగేది. తెప్ప మీద ఉన్నవారికి దగ్గరికొచ్చేదాకా అది కనిపించదు. అందుకని ఒడ్డున ఒకరు గెడకు ఎర్రకోక కట్టి, దారి ఎటు జరిగితే అటు నడుస్తూ చూపాలి. మామగారి తర్వాత ఆ పని కోడలు దేముడమ్మకు వచ్చింది. ఆమె కన్ను ఎన్నడూ తప్పలేదు.

ఒక చైత్ర పున్నమికి మగవారు పండగ చేపకు వేకువనే వెళ్ళారు. మధ్యాహ్నానికి అందరూ తిరిగివచ్చారు, దేముడమ్మ పెనిమిటి ఎల్లాజి తెప్ప ఒక్కటి తప్ప. ఆమె పొద్దుటి నుంచి మంచినీళ్ళైనా ముట్టలేదు. దిబ్బ వెనక భోజనాల మొదటి పంక్తి లేచింది. కులపెద్ద భార్య పైడమ్మ కేకేసింది.

"గెడ పాతీసి రాయే. నీ మొగుడికి ఒడ్డు తెల్దేటి? పులుసు సల్లారిపోతంది."

పక్కనున్న ఆడవాళ్ళు నవ్వి, "మొగుణ్ణి ఇడిసి ఉండలేదమ్మా," అని ఆటపట్టించారు. దేముడమ్మకు సిగ్గేసింది, ఆకలీ వేసింది. నాలుగు ముద్దలు తిని వద్దామని గెడను ఇసుకలో పాతి వెళ్ళింది.

ఆ కాసేపట్లోనే గాలి దక్షిణానికి మళ్ళింది. దారి జరిగింది, గెడ జరగలేదు. ఆమె ఎంగిలి చేత్తో పరుగెత్తుకొచ్చేసరికి తెప్ప విడిపోయి దుంగలు ఒడ్డుకు కొట్టుకొస్తున్నాయి. ఎల్లాజి దొరకలేదు. అతనితో వెళ్ళిన అసిరయ్య ఒక్కడే ఈదుకొచ్చాడు.

"అక్కడ అల ఇరుగుతందిరా అని సెప్పేను," అన్నాడతను. "గెడ మా ఆడదాని సేతిలో ఉంది, అది కదల్లేదంటే దారి అక్కడే ఉంది అన్నాడమ్మా."

ఆ మాట విన్న తర్వాత దేముడమ్మకు ఏడవడానికి కూడా నోరు రాలేదు. ఊరికి మాత్రం నోరు బాగానే వచ్చింది. మొగుడికన్నా పులుసే ఎక్కువైందన్నారు. నవ్విన ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. దేముడమ్మ ఎదుటపడితే పైడమ్మ పక్క సందులోకి తప్పుకునేది. మేమే పిలిచామని ఒక్కరూ అనలేదు. పన్నెండేళ్ళు దేముడమ్మ గెడను నేలకు ఆనించకుండా పట్టుకుని, తనను తిట్టినవారి తెప్పలనన్నింటినీ క్షేమంగా ఒడ్డుకు చేర్చింది. ఒక పండగనాడు ఆఖరి తెప్ప వచ్చాక దిబ్బ మీదే ఒరిగి కన్నుమూసింది.

మర్నాటి తెల్లవారుజామున దేముడమ్మ పైడమ్మ కలలోకి వచ్చింది.

"నాకు గుడొద్దు, కోడొద్దు. నన్ను బువ్వకి పిలిసింది నువ్వేనని ఊరందరి ముందరా ఒక్కసారి సెప్పు."

పైడమ్మ దిబ్బెక్కి చెప్పింది. "నేనూ నవ్వేను," అంది మరొకతె. ఒక్కొక్కరే బయటపడ్డారు. ఆమెకు ఆ మాట దక్కడానికి పన్నెండేళ్ళు పట్టింది గానీ, వద్దన్న గుడిని ఊరు నెల తిరక్కుండా కట్టేసింది.

నేడు పడవలకు యంత్రాలు వచ్చాయి. అయినా పండగనాడు ఆడవారు వంతులవారీగా గెడ పట్టుకుంటారు. ఆఖరి పడవ రాగానే డప్పులు ఆపుతారు. కులపెద్ద ఇంటి ఇల్లాలు అమ్మవారికి ఎదురుగా నిలబడి, "తల్లీ, నిన్ను పిలిచింది మేమే," అంటుంది. ఊరంతా ఆ మాట అన్నాకే వడ్డన. తమ తప్పును ఇంకొకరి నెత్తిన వేసినవారు ఇక్కడికి వచ్చి దాన్ని పైకి చెప్పుకుంటే మనసు కుదుటపడుతుందనీ, వేటకు వెళ్ళినవారు క్షేమంగా తిరిగి వస్తారనీ భక్తుల నమ్మకం. ఏటా ఎంతోమంది వచ్చి చెప్పుకుంటారు, తల్లి అందరిదీ వింటుంది. బతికుండగా ఆమె వినాలనుకున్నది మాత్రం ఆ ఒక్క మాటే.