కుందన తుంటిలో స్క్రూ

మహీధర్‌కి ఒళ్లు మండిపోతోంది. పిల్లల ఎముకల ఆపరేషన్లు నేర్చుకోవడానికి డాక్టర్ వకుళ దగ్గర చేరాడు. చేరిన నాటినుంచీ అతను బిగించిన స్టీలు స్క్రూ ఒక్కటైనా కదిలిందా? లేదే! అలాంటిది, రేపు ఓ పసిపాప తుంటి సరిచేయడానికి కొన్నాళ్లకు ఒంట్లోనే కరిగిపోయే స్క్రూలు సిద్ధం చేయమంటుందీవిడ.

"కరిగిపోయేదాన్ని నమ్మి ఎముకని ఎలా వదిలేస్తాం మేడమ్? ఎక్స్‌రేలో కనబడి కూడా చావదు! స్టీలైతే రాయిలా ఉంటుంది!"

రాయి అన్నప్పుడు బల్ల మీద ఒక్క గుద్దు. టీ కప్పు ఎగిరిపడింది. వకుళ దాన్ని నెమ్మదిగా పక్కకు జరిపింది.

"ఉంటుంది. కిందటేడు నువ్వు ఆపరేషన్ చేసిన కుందన వచ్చింది. ఎముక అతుక్కుంది, పిల్ల ఎదుగుతోంది, ఇక ఆ స్టీలు స్క్రూ తీసేయాలి. వాళ్లమ్మకు నేను చెప్పాను. పిల్లకు నువ్వు చెప్పిరా."

ఇదా సమాధానం! గొణుక్కుంటూ వార్డుకు నడిచాడు.

మంచం మీద ఆరేళ్ల కుందన కాళ్లూపుకుంటూ జంతిక నములుతోంది. తన చేతిపని అంత హాయిగా ఊగుతుంటే డాక్టరుగారి ఛాతీ కాస్త పొంగింది.

"కుందనా, కాలు బాగైంది కదా! లోపల చిన్న స్క్రూ ఉంది. రేపు తీసేస్తాం. మళ్లీ నిద్రమందిచ్చి, కొంచెం కోసి..."

జంతిక నమలడం ఆగింది.

"ఎవరిదది?"

"నేను పెట్టిందే."

"లోపల మర్చిపోయావా?"

"ఛఛ, మర్చిపోలేదమ్మా. తెలిసే ఉంచాను."

"తెలిసే ఉంచావా!" కుందన మంచం మీద లేచి నిలబడింది. "అయిపోయిందన్నావు! ఇంకెప్పుడూ కొయ్యనన్నావు! నీ స్క్రూ కోసం నన్ను కోస్తావా?"

వార్డు వార్డంతా ఇటు తిరిగింది. పెద్ద పెద్ద డాక్టర్ల సభల్లో తడబడని మహీధరుడు మంచం పక్కన చతికిలబడ్డాడు. "తప్పేనమ్మా" అన్నాడు. కుందన గోడవైపు తిరిగి పడుకుంది.

అతను తిరిగొచ్చేసరికి వకుళ రేపటి పాప ఎక్స్‌రే చూస్తోంది. పిల్ల ఏమందని అడగలేదు. స్టీలు స్క్రూల డబ్బా, కరిగే స్క్రూల డబ్బా పక్కపక్కన పెట్టింది.

"అందరికీ కరిగేవే వేస్తారా మేడమ్?"

"లేదు. ఎక్కువ బరువు మోయాల్సిన చోట స్టీలే. ఈ పాపకు అక్కర్లేదు."

మహీధర్ కరిగే స్క్రూల డబ్బా తన వైపు లాక్కున్నాడు.

"బిగించేటప్పుడు ఇవి ఎక్కడ విరుగుతాయి మేడమ్?"

"తొందరపడ్డ చోట."