మరిడమ్మ పడవలో చోటు

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు, మీ తాతగారి తాతగారికి ఇంకా ఉయ్యాల కట్టని కాలం. అప్పట్లో ఒక ఉప్పునీటి సరస్సు ఉండేది. దాని చుట్టూ మూడు రాజ్యాలు. ఈ ఒడ్డున సవుడుపురం, ఆ ఒడ్డున మొగలిపాడు, సముద్రం వైపు గవ్వలదీవి. మొదటి రెంటికీ రాజులు, గవ్వలదీవికి రాణి.

ఆ ముగ్గురికీ ఒకరంటే ఒకరికి పడేది కాదు. చేపల దగ్గర తగువు, గట్ల దగ్గర తగువు, ఆఖరికి కొంగలు ఎవరి ఒడ్డున వాలాలో దాని మీదా తగువే. ఒక్క సంగతిలో మాత్రం ఏకమయ్యారు. ఒక రాజ్యం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళని మరో రాజ్యం పట్టుకుని, పొద్దుగూకేలోగా తిరిగి అప్పగించాలి. ఎందుకు పారిపోయి వచ్చావని అడగకూడదు. అడిగితే పొరుగు రాజు పరువు పోతుందట. ఆ ఒప్పందం రాసుకున్న రోజు ముగ్గురూ ఒకే పంక్తిన కూర్చుని బూరెలు తిని, ఎంత మంచి ఇరుగుపొరుగువాళ్ళమో అని మురిసిపోయారు.

సరస్సు దాటించే పెద్ద పడవ ఒక్కటే. దాన్ని నడిపేది మరిడమ్మ. మనిషి మంచిదే గానీ నోరు కాస్త పెద్దది. ఎవరు పడవెక్కినా "ఏ పని మీద పోతున్నావు?" అని అడిగేది. చెప్పకపోతే తాడు విప్పేది కాదు. అది ఆరా తీయడం కాదు, పడవ మర్యాద. పెళ్ళికి పోయేవాళ్ళు ముందు కూర్చోవాలి. జబ్బుమనిషి కుదుపు తగలకుండా నడుమ పడుకోవాలి. చావుకి పోయేవాళ్ళు ఎవరి కంటా పడకుండా వెనక కూర్చుని ఏడ్చుకోవాలి. పని తెలియకపోతే చోటెలా చూపిస్తుంది మరి?

సవుడుపురంలో అసిరి అని ఒకామె ఉండేది. ఉప్పు మళ్ళలో పని. తెల్లారింది మొదలు ఎండలో, ఉప్పునీళ్ళలో నిలబడాలి. దాహానికని మాటిమాటికీ గట్టెక్కితే పని చెడుతుందని, మళ్ళ దగ్గర మంచినీళ్ళ కుండే ఉండకూడదన్నాడు అక్కడి రాజు. ఒక ఎండాకాలం అసిరి మొగుడు దాహంతో ఆ మడిలోనే పడి చనిపోయాడు. దినాలు అయిన మర్నాడు అసిరి గట్టు మీద ఒక కుండ నింపి పెట్టింది. అదే ఆమె చేసిన నేరం. వానలు పడేదాకా కాలికి గొలుసు వేసి మడిలోనే ఉంచమన్నాడు రాజు. ఉప్పునీళ్ళలో గొలుసు ఒరిస్తే కాలు ఏమవుతుందో నేను చెప్పను, మీరు ఇంకా అన్నం తినాలి.

ఉప్పుకి గొలుసు తుప్పుపట్టి ఒకనాడు తెగింది. అసిరి సరస్సు అంచు వెంబడే మోకాలి లోతు నీళ్ళలో చుట్టూ నడిచి మొగలిపాడు చేరింది. అక్కడి రాజు మెత్తని మనిషే. ఆమె కాలు చూసి మొహం తిప్పుకున్నాడు. "పాపం, కానీ ఏం చేస్తాం, ఒప్పందం ఉంది కదా" అన్నాడు. భటులు ఆమెని తెచ్చి పడవెక్కించారు.

"ఏ పని మీదమ్మా?" అంది మరిడమ్మ.

"అడగొద్దని ఆజ్ఞ" అన్నారు భటులు.

మరిడమ్మ తన బతుకులో మొదటిసారి చోటు చూపించకుండా తాడు విప్పింది. అసిరి నిలబడే సరస్సు దాటింది. ఆ పూట మరిడమ్మకి అన్నం సయించలేదు.

సవుడుపురంలో కొత్త గొలుసు వేశారు. ఉప్పుకి కొత్తా పాతా ఏముంది, అదీ తెగింది. ఈసారి అసిరి సముద్రం వైపు ఇసుక మెరకల మీదుగా నడిచి గవ్వలదీవికి పోయింది. "ఆడదాని కష్టం నాకు తెలియదా" అంది రాణి. నీడన కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించింది. మజ్జిగ తాగాక వెనక్కి పంపించింది. మళ్ళీ అడగొద్దన్నారు, మళ్ళీ నిలబడే దాటింది.

మూడో గొలుసూ తెగింది గానీ, పారిపోదామంటే ఇంకో ఒడ్డు లేదు. అసిరి కుంటుకుంటూ వచ్చి నేరుగా పడవే ఎక్కేసింది. భటులు ఇంకా దూరంగా ఉన్నారు.

"ఏ పని మీదమ్మా?"

"బతకడానికి అక్కా. ఈసారి వెనక్కి పంపితే నేను మిగలను" అంది అసిరి. తన కథంతా చెప్పింది.

మరిడమ్మ పడవంతా కలియజూసింది. పెళ్ళివాళ్ళకి చోటుంది. జబ్బువాళ్ళకి చోటుంది. చావువాళ్ళకీ ఉంది. బతకడానికి వచ్చినవాళ్ళకి మాత్రం లేదు. అసిరిని తన పక్కనే చుక్కాని దగ్గర కూర్చోబెట్టుకుని, పడవని నడిసరస్సుకి తోలి లంగరు దింపేసింది. అక్కడ ఏ రాజు భటులూ అడుగుపెట్టకూడదని పూర్వం నుంచీ కట్టుబాటు. భటులు ఒడ్డున నిలబడి చేతులు పిసుక్కున్నారు.

మొదటి రోజు సవుడుపురం ఉప్పు బస్తాలు ఒడ్డునే ఉండిపోయాయి. రెండో రోజు గవ్వలదీవికి కూరగాయలు అందలేదు. మూడో రోజు మొగలిపాడు పెళ్ళికొడుకు బాసికం కట్టుకుని ఒడ్డున కూర్చుండిపోయాడు. ముహూర్తం దాటిపోతోందని వాళ్ళ మేనత్త సాక్షాత్తూ రాజునే దులిపేసింది. అప్పుడు గానీ ముగ్గురూ కదల్లేదు. భటులు వెళ్ళకూడదు గనక తలొక చిన్న దోనె ఎక్కి, మండుటెండలో తామే తెడ్లు వేసుకుంటూ పడవ దగ్గరికి వచ్చారు.

మరిడమ్మ లేచి దణ్ణం పెట్టింది. "ప్రభువులు మన్నించాలి. ఈమె ఏ పని మీద వచ్చిందో తెలిస్తే చోటు చూపిస్తాను, పడవ కదులుతుంది. అడగొద్దని నాకు ఆజ్ఞ. కాబట్టి తమరే అడగండి." ఆవిడ ముందే అడిగేసిందని మనకి తెలుసు, వాళ్ళకి తెలియదుగా.

సవుడుపురం రాజుకి కోపం వచ్చింది. "ఇది నా ఇంటి సంగతి. పైవాళ్ళకేం పని?" అన్నాడు.

"తమ ఇంటి సంగతే అయితే, ఈమెని పట్టివ్వమని పొరుగువాళ్ళని ఎందుకడిగారు దొరా?" అంది మరిడమ్మ నెమ్మదిగా. "పట్టుకోవడానికి ముగ్గురు కావలసి వచ్చారు. వినడానికి ఒక్కరే ఎలా సరిపోతారు?"

రాణికి తానిచ్చిన మజ్జిగ గుర్తొచ్చి సిగ్గేసింది. మొగలిపాడు రాజు అసిరి వైపు తిరిగి, "ఎందుకు పారిపోయి వచ్చావమ్మా?" అని అడిగాడు. అసిరి చెప్పింది. కాలు చాచి చూపించింది. ఈసారి ఆయన మొహం తిప్పుకోలేదు.

"మేమిద్దరం ఈమెని అప్పగించం" అంది రాణి. "నీ గట్ల మీద మంచినీళ్ళ కుండలు పెట్టేదాకా ఎవరినీ అప్పగించం."

సవుడుపురం రాజు ఏదో అనబోయాడు. ఎండలో తెడ్డు వేసి వచ్చాడేమో, గొంతు పిడచకట్టుకుపోయి మాట పెగల్లేదు. అసిరి పడవలో కుండలోంచి నీళ్ళు ముంచి ఇచ్చింది. ఆయన గటగటా తాగాడు. తాగి, ఆ ఖాళీ ముంత వంక చాలాసేపు చూశాడు. "పెట్టిస్తాను" అన్నాడు చివరికి.

ఆ పడవలోనే ఒప్పందం తిరగరాశారు. ఎవరు పారిపోయి వచ్చినా మూడు ఒడ్ల నుంచీ ఇద్దరేసి మనుషులు వచ్చి, పడవలో ఎదురుగా కూర్చుని, ఎందుకు వచ్చావని అడగాలి. తప్పు రాజుదైతే మిగతా ఇద్దరు ప్రభువులూ పడవలోకి వచ్చి చెప్పాలి, ఆ రాజూ వచ్చి వినాలి.

మరుసటి ఏడు మొదటి ఫిర్యాదు ఎవరి మీద వచ్చిందనుకున్నారు? మొగలిపాడు మెత్తని రాజు మీదే. ఆయన "ఇది నా ఇంటి..." అనబోయి నాలిక్కరుచుకుని దోనె ఎక్కాడు. సవుడుపురం రాజు అందరికంటే ముందే వచ్చి కూర్చున్నాడు, ఆ సరదా ఎందుకు వదులుకుంటాడు?

అసిరి కాలు మానింది గానీ కుంటు పోలేదు. మళ్ళ గట్ల మీద కుండలు నింపే పని ఆమెదే అయింది. మరిడమ్మ మాత్రం చుక్కాని పక్కన ఒక కొత్త బల్ల వేయించి, బతకడానికి వచ్చేవాళ్ళ కోసం ఎప్పుడూ ఖాళీగా ఉంచేది.

కాబట్టి పిల్లలూ, మనిషిని పట్టి అప్పగించడానికి చేతులు కలిపిన పొరుగువాళ్ళు ఆ మనిషి గోడు వినడానికి కూడా చేతులు కలపాలి, అప్పుడే వాళ్ళది స్నేహం అవుతుంది.