ముడుచుకోవడం నిషేధం

కొండ దిగువన వాగు ఎండిపోయి, ఇసుకలో ఒకే ఒక్క చెలమ మిగిలింది. పొద్దంతా ఊరితే సాయంత్రానికి దాని అడుగున కాసిని నీళ్లు చేరేవి. ముందు తాగినవాళ్లకు తేట నీళ్లు, వెనక తాగినవాళ్లకు బురద. ఎండలు ముదిరిన కొత్తలో ఆ నీళ్ల కోసం జంతువులు కొట్టుకున్నాయి. ఒకదానికి చెవి చిరిగింది, ఒకదానికి కాలు విరిగింది. చూసి చూసి విసిగిపోయిన ముసలి ఎలుగుబంటి ఒక కట్టుబాటు పెట్టింది.

"కొట్టుకోవద్దు, ఆడుకోండి," అంది. "చెడుగుడు ఆడండి. గీత దాటి కూత పెట్టుకుంటూ వెళ్లి, ఎవరో ఒకరిని తాకి తిరిగి రావాలి. పట్టుబడకుండా వచ్చినవాళ్లు ముందు తాగుతారు. పట్టుబడ్డవాళ్లు వెనక తాగుతారు. నేను వయసు మళ్లినవాణ్ణి, ఆడలేను. తీర్పు చెప్తాను. మొదటి గుక్క నాకిస్తే చాలు."

అందరూ ఒప్పుకున్నారు. ఆడేవాళ్లలో ఒక్కొక్కరికీ ఒక్కో బలం ఉంది. ముళ్లపంది ముళ్లు లేపితే దాని మీద చెయ్యి వేసే ధైర్యం ఎవరికీ లేదు. కుందేలు అందరి తలల మీదుగా గెంతి గీత దాటేది. ఉడుము ఒకసారి కాలు పట్టిందంటే ఇక కూత ఆగిపోవాల్సిందే. ఒంటినిండా గట్టి పొలుసులున్న అలుగు, ఎవరైనా మీద పడితే చాలు, బంతిలా ముడుచుకుని గీత దాకా దొర్లిపోయేది. లేదంటే వచ్చినవాడి కాలి చుట్టూ ముడుచుకుని కదలనిచ్చేది కాదు. ఇక నక్క. నక్క పరిగెత్తేది.

ఒకరోజు ఒకరు ముందు తాగితే, ఇంకోరోజు ఇంకొకరు తాగారు. అంతకంటే న్యాయమైన ఆట నాకు తెలిసి ఎక్కడా లేదు. అందుకే అది ఎవరికీ నచ్చలేదు.

ఒక సాయంత్రం నక్క పట్టుబడింది. ముక్కు మీద ముల్లు గుచ్చుకుని నెత్తురు కారుతుంటే, తుడుచుకోకుండానే ఎలుగుబంటి ముందు నిలబడింది.

"ఓడిపోయానని చెప్పడం లేదు పెద్దయ్యా," అంది. "ఆట బాగుపడాలని చెప్తున్నాను. దెబ్బలు వద్దనే కదా మీరు ఆట పెట్టింది? ఇదిగో, నా ముక్కు చూడండి. ఇది దెబ్బ కాదా?"

"దెబ్బే," అంది ఎలుగుబంటి.

"మరి ఆటలో ముళ్లెందుకు?"

ముళ్లపంది ముందుకొచ్చింది. "నేను పుట్టిందే ముళ్లతో కదయ్యా. ఎక్కడ దాచుకోమంటావు?"

"ఉంచుకో వదినా, ఎవరు వద్దన్నారు? ఆడేటప్పుడు లేపకు, అంతే."

"లేపకపోతే నా దగ్గర ఇంకేముంది?"

"అందరిలాగా ఆడు. ఆట సమంగా ఉంటుంది."

ఎలుగుబంటికి గొడవ పెరగడం ఇష్టం లేదు. "సరే, ఒప్పుకునేవాళ్లు తోక ఎత్తండి. ఎక్కువమంది ఎత్తితే రేపట్నుంచి ముళ్లు నిషేధం," అని కాస్త ఆలోచించుకోవడానికి వ్యవధి ఇచ్చింది.

ఉడుముకు ఆలోచన అక్కర్లేదు, దానికీ ఓసారి మూతి నిండా గుచ్చుకున్నాయి. కుందేలు మాత్రం, "నాకేం ఇబ్బంది లేదు, పైనుంచి గెంతేస్తాగా," అని పక్కకు తప్పుకుంది. ఇక తేల్చాల్సింది అలుగే. నక్క మెల్లగా దాని పక్కకు చేరింది. అలుగు తోక మీద పిల్ల కరుచుకుని కూర్చుని ఉంది.

"అక్కా, పిల్ల అట్లా వాడిపోయిందేం?"

"నీళ్లేవి తమ్ముడూ. నిన్నా మొన్నా బురదే దక్కింది మాకు. నాకు పాలు కూడా తగ్గిపోయాయి."

"రోజూ నీకంటే ముందు తాగేదెవరు? ముళ్లపంది. దానికి ఆ ముళ్లు లేకపోతే?"

"పాపం, దానికి ఉన్నవి అవే కదా."

"ముళ్లు ఎక్కడికీ పోవక్కా. కిటుకు పోతుంది. కిటుకులు పోతేనే ఆట నిలుస్తుంది."

అలుగు తెలివితక్కువది కాదు. "రేపు నేను ముడుచుకోవడం కూడా కిటుకే అంటే?" అని అడిగింది.

"నీదా? నువ్వు ఎవరిని నొప్పించావు గనక? నీ జోలికి ఎవడొస్తాడు? ఒకవేళ వచ్చినా నేను లేనూ?"

ముళ్లపంది, అలుగు పక్కపక్క బొరియల వాళ్లు. కిందటి వానాకాలం అలుగు బొరియలోకి నీళ్లు జొరబడితే, కడుపుతో ఉన్న దాన్ని పిలిచి తన బొరియలో చోటిచ్చింది ముళ్లపంది. ఆ పిల్ల పుట్టింది అక్కడే. అదంతా అలుగుకు గుర్తుంది. అయినా తోక మీది పిల్లను మెల్లగా దించి ఇసుకలో కూర్చోబెట్టింది. పిల్ల ఉంటే తోక లేవదు మరి. తర్వాత తోక ఎత్తింది.

"వదినా, నువ్వూనా?" అంది ముళ్లపంది.

"పిల్ల కోసం," అంది అలుగు, ఇసుక వైపు చూస్తూ.

అది నిజమే. అబద్ధమైతే ఆ అలుగును నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవాణ్ణి. నిజం కాబట్టే ఇప్పటికీ తలుచుకుంటే మనసు చేదైపోతుంది.

మర్నాటి నుంచి ముళ్లపంది ముళ్లు అణుచుకుని ఆడింది, రోజూ పట్టుబడింది. కొన్నాళ్లకు నక్క మళ్లీ ఎలుగుబంటి ముందు నిలబడింది. ఈసారి కుందేలు మీద.

"ఆట నేల మీద ఆడాలా, గాల్లో ఆడాలా పెద్దయ్యా? మేమంతా కాళ్లరిగేలా తిరుగుతుంటే ఇది మా నెత్తి మీదుగా పోతుంది. ఇదేం సమానం?"

"గెంతకుండా కుందేలు ఎట్లా కదులుతుంది మావా?" అని కుందేలు బిత్తరపోయింది.

"మేం కదలడం లేదూ? అట్లాగే."

కుందేలు చుట్టూ చూసింది. ముళ్లపంది ముఖం తిప్పుకుని తోక ఎత్తింది. ముళ్ల విషయంలో కుందేలు పక్కకు తప్పుకోవడం అది మర్చిపోలేదు. ఉడుము ఎత్తింది. అలుగు మళ్లీ పిల్లను ఇసుకలో దించింది. ఆ తర్వాత ఉడుము వంతు వచ్చింది. పట్టుకోవచ్చు గానీ బిగించకూడదన్నారు. బిగించని పట్టు ఉడుముకు చేతకాదు, పట్టడమే మానేసింది. అప్పుడు కుందేలు తన గోరంత తోకను ఎంత నిటారుగా లేపిందో చూసి తీరాలి.

ఆ కొద్దిరోజులు అలుగు పిల్ల తేట నీళ్లు తాగింది. నక్క ముందు, దాని వెనకే అలుగు. పిల్ల కళ్లలోకి మళ్లీ వెలుగొచ్చింది. తల్లికి నక్క దేవుడిలా కనిపించింది. ముళ్లపంది ఎదురైతే తల వంచుకుని పోయేది, అంతకు మించి బాధపడే తీరిక దానికి లేదు.

ఒకనాడు ఆటలో నక్క కూత పెట్టుకుంటూ వచ్చింది. ముళ్లు లేవు, గెంతు లేదు, పట్టు లేదు, దాన్ని ఆపేవాళ్లే లేరు. పొరపాటున అలుగును తాకింది. అలుగు అలవాటు కొద్దీ దాని కాలి చుట్టూ ముడుచుకుంది. నక్క ఎంత గింజుకున్నా కాలు రాలేదు, ఊపిరి అయిపోయింది. ఆ సాయంత్రం అలుగు నక్క కంటే ముందు తాగింది.

తాగి తల ఎత్తేసరికి నక్క ఎలుగుబంటి దగ్గర నిలబడి ఉంది.

"తమ్ముడూ, ఆ రోజు నాకేం మాటిచ్చావు?" అంది అలుగు.

"ఇచ్చానక్కా, కాదనను. నా సొంత వ్యవహారమైతే ప్రాణం పోయినా నిలబెట్టుకునేవాణ్ణి. ఇది ఆట వ్యవహారం. నా మనిషివని నిన్ను ఒక్కదాన్నే వదిలేస్తే నలుగురూ ఏమంటారు? ముళ్లపందికి ఏం సమాధానం చెప్పను?"

అందరూ ముళ్లపంది వైపు చూశారు.

"చెప్పడానికేముంది," అంది ముళ్లపంది. "నాది కిటుకైతే దానిదీ కిటుకే."

"వదినా, నాకు చంటిపిల్ల ఉంది."

"అప్పుడూ ఉంది."

అన్నిటికంటే ముందు ముళ్లపంది తోక లేచింది. తర్వాత కుందేలుదీ ఉడుముదీ లేచాయి. నక్క తోక చివర లేచింది, అదీ ఎంతో బాధపడుతున్నట్టు.

"రేపట్నుంచి ముడుచుకోవడం నిషేధం," అంది ఎలుగుబంటి. "ముడుచుకుంటే అందరికంటే ఆఖర్న తాగాలి."

మర్నాడు అలుగు కూత పెట్టుకుంటూ గీత దాటింది. ముడుచుకోకూడదు, ముడుచుకోకూడదు అని మనసులో అనుకుంటూనే ఉంది. కుందేలును తాకి వెనక్కి తిరిగేలోపు నక్క పరుగున వచ్చి మీద పడింది. మరుక్షణం అలుగు బంతి అయిపోయింది.

"ముడుచుకుంది, ముడుచుకుంది," అని నలుగురూ అరిచారు.

"నేను ముడుచుకోలేదు పెద్దయ్యా," అంది అలుగు లోపల్నుంచే. "ఒళ్లే ముడుచుకుంది."

"ఎవరు ముడుచుకున్నా ముడుచుకున్నట్టే," అంది ఎలుగుబంటి. "ఆఖర్న తాగు."

ఆ రోజూ ఆ తర్వాతా అలుగుదే ఆఖరి వంతు. దానికి ముందు మిగతావాళ్లు బురద తాగితే, దానికి బురద కూడా మిగిలేది కాదు. పిల్ల తోక పట్టుకుని కూర్చోలేక జారి పడిపోవడం మొదలుపెట్టింది. నక్క మాత్రం ఒక్కనాడూ పట్టుబడలేదు. రోజూ మొదట తాగి, మూతి తుడుచుకుని, "ఆట ఇప్పుడు ఎంత శుభ్రంగా ఉందో చూడండి," అనేది.

అలుగు ఇక ఊరుకోలేకపోయింది. ఒక సాయంత్రం పిల్లను చంకలో ఇరికించుకుని ఎలుగుబంటి ముందుకొచ్చింది.

"పెద్దయ్యా, నేనూ ఒకటి అడుగుతాను. పరుగు నిషేధించండి."

నక్క కోప్పడలేదు, జాలిగా నవ్వింది. "పరుగా? పరుగు లేకపోతే ఆట ఎక్కడుందక్కా? ముళ్లూ, గెంతులూ, పట్టూ, ముడుచుకోవడం, అవన్నీ కిటుకులు. పరుగంటావా, అదే ఆట."

"అట్లా అని ఎవరన్నారు?"

"నేనెందుకు చెప్పాలి? నువ్వే అడుగు వీళ్లను."

అలుగు కుందేలు వైపు తిరిగింది. కుందేలు మీసాలు సర్దుకుంది. "అంటే, అది నిజమేగా. పరుగు లేని చెడుగుడు ఏం చెడుగుడు?"

"మరీ పరుగు నిషేధిస్తామా?" అంది ఉడుము. "విన్నవాళ్లు నవ్వుతారు."

"వదినా, నువ్వు చెప్పు," అంది అలుగు.

ముళ్లపంది నిట్టూర్చింది. "నీ మీద కోపంతో అనడం లేదు. కానీ పిచ్చిమాటలు మాట్లాడకు. ముళ్లు వేరు, పరుగు వేరు."

"ఏం వేరు? కుందేలు పరుగంటే గెంతడమే కదా. దానిది కిటుకైంది, వీడిది ఆట ఎట్లా అయింది? ఎవరైనా చెప్పండి."

ఎలుగుబంటి ఆవులించి, "ఒప్పుకునేవాళ్లు తోక ఎత్తండి," అంది.

అలుగు పిల్లను ఇసుకలో పడుకోబెట్టి ఒక్కతే తోక ఎత్తి నిలబడింది. ముళ్లపంది కాళ్లకేసి చూసుకుంది. ముక్కు మీది పాత మచ్చ గోక్కుంటూ నక్క కాసేపు ఆగి, "పెద్దయ్యా, దాహంగా ఉంది, వెళ్లి తాగొచ్చా?" అని అడిగింది.

"తాగు," అంది ఎలుగుబంటి.

నక్క తీరిగ్గా తాగింది. తర్వాత ఒకరి వెనక ఒకరు కుందేలూ ఉడుమూ ముళ్లపందీ తాగాయి, పరుగే అసలైన ఆట అని మాట్లాడుకుంటూ ఎవరి దారిన వాళ్లు పోయాయి. అందరూ వెళ్లాక అలుగు పిల్లను చెలమలోకి దించింది. పిల్ల ఇసుకను నాకి చూసి, తల్లి ముఖంలోకి చూసింది. చెలమలో తడి కూడా లేదు.

నీతి: ఆటను సమం చేద్దామని పూనుకున్నవాడి దగ్గర, నిషేధించాలని ఎవరికీ తోచని బలం ఒకటి తప్పకుండా ఉంటుంది.