పైడిరాజు కడిగిన శాంపిల్

పైడిరాజుకి వాళ్ళక్క మీద విసుగొచ్చేసింది. ఎన్ని కోర్సులు మందులు మింగినా మూత్రంలో మంట తగ్గలేదంటుంది, నడుం లాగేస్తోందంటుంది. ఆవిడ మందు వాడుతుండగానే మూత్రం శాంపిల్ తెప్పించి, మా ల్యాబ్‌లో తనే పరీక్ష చేశాడు. సూక్ష్మజీవుల్ని పెంచే ప్లేటు మీద ఒక్కటి కూడా పెరగలేదు.

"నీ ఒంట్లో ఏమీ లేదక్కా. అంతా నీ మనసులోనే ఉంది," అని ఫోన్లో తేల్చి చెప్పేశాడు.

"నొప్పెడతందిరా తమ్ముడా. అబద్ధమాడతానేటి?" అందావిడ. స్పీకర్లో మా అందరికీ వినబడింది. వీడు టక్కున ఫోను పెట్టేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

వాడి ధీమాకి కారణం లేకపోలేదు. సూక్ష్మజీవి తన చుట్టూ గోడ కట్టుకునేది ఎక్కువగా చక్కెరతోనే. ముందు ఒక ఎంజైమ్ చక్కెరకి చీటీలాంటిది తగిలిస్తుంది. ఆ తర్వాత ఎంజైమ్‌లు వరసకట్టి, దాన్ని ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుంటూ గోడ దాకా చేరుస్తాయి. పైడిరాజు చదువంతా ఆ ఎంజైమ్‌ల కుటుంబాల మీదే. అక్క మింగే మందు కూడా ఆ గోడ పనికే అడ్డం పడుతుంది. గోడ లేని జీవి బతకదు. ఈ మాట వాడు నిద్రలో లేపి అడిగినా చెప్తాడు.

మా గురువుగారు షరీఫ్ సారు అంతా విన్నారు. "శాంపిల్ ఎలా చూశావు?" అన్నారు.

"డిస్టిల్డ్ వాటర్‌తో శుభ్రంగా కడిగి, ప్లేటు మీద వేశాను సార్."

"మళ్ళీ తెప్పించు."

అక్క ఉండే బొబ్బిలి నుంచి బస్సులో శాంపిల్ పెట్టిన ఐస్ డబ్బా వచ్చింది. పైడిరాజు అలవాటుగా డిస్టిల్డ్ వాటర్ సీసా అందుకోబోయాడు. సారు ఆ సీసా లాక్కుని నీళ్ళన్నీ సింకులో పారబోసేశారు! మేం నోళ్ళు తెరుచుకుని ఉండిపోయాం. చుక్క వృథా చేస్తే మా చెవులు మెలిపెట్టే మనిషి ఆయన.

చిక్కటి చక్కెర నీళ్ళు తనే కాచి, చల్లార్చి తెచ్చారు. "దీంతో కడుగు."

కడిగి మైక్రోస్కోప్‌లో చూశాడు. పొడుగ్గా ఉండాల్సినవి సగ్గుబియ్యంలా గుండ్రంగా ఉన్నాయి.

"వీటికి గోడల్లేవు సార్," అన్నాడు పైడిరాజు. "చచ్చినవే అయ్యుంటాయి."

సారు సగం తీసి, మందు కలపని చక్కెర రసంలో వేసి వెచ్చగా ఉంచారు. మిగతా సగం చక్కెర నీళ్ళలోనే ఫ్రిజ్‌లో దాచారు.

కొన్నాళ్ళకి ఆ రసం మబ్బుపట్టింది. చుక్క తీసి చూస్తే పొడుగ్గా, చుట్టూ చక్కగా గోడ కట్టుకుని ఉన్నాయి. పైడిరాజు మళ్ళీ వంగి చూశాడు.

"బతికే ఉన్నాయా! మరి మొదట నా ప్లేటు మీద ఒక్కటీ రాలేదేం సార్?"

సారు దాచిన సగంలోంచి, గోడ లేనివాటిని ఒక చుక్క స్లైడు మీద వేశారు. పైడిరాజుని చూడమని, పక్కనుంచి మరో సీసాలోని డిస్టిల్డ్ వాటర్ బొట్టు వదిలారు.

"అయ్యో!" అని కేక పెట్టాడు వాడు. నన్ను కూడా చూడమన్నాడు. గుండ్రటివి ఉబ్బుతున్నాయి, ఒక్కొక్కటే పగిలిపోతున్నాయి. నిమిషంలో స్లైడు ఖాళీ అయిపోయింది.

"అక్క ఒంట్లో ఉప్పుల మధ్య ఇవి పగలవు. ఉప్పు లేని ఉత్త నీళ్ళయితే లోపలికి పీల్చుకుని పగిలిపోతాయి," అన్నారు సారు. "మందు చంపలేదు నాయనా. నువ్వు చంపావు. చంపి, లేవన్నావు."

పైడిరాజు స్టూలు మీద కూలబడ్డాడు. ఫోను తీసి అక్కకి కలిపాడు.

"అక్కా, నీ నొప్పి నిజమే. నేనే తప్పుగా చూశాను. రేపే బయల్దేరి రా, ఇక్కడ పెద్ద డాక్టరుకి చూపిద్దాం."



"ఇప్పుడు నమ్మేవా?" అంది అక్క. భోరున ఏడ్చేసింది.