వియ్యంకుడి మంచం

రాజుగారి కూతురికి పెళ్లి కుదిరిన మాఘమాసంలో, మంచాలల్లే నాంచారమ్మకు అన్యాయం జరిగింది. ఆమె కోటకు పాత మనిషే. అయినా మగపెళ్లివారి కోసం నలభై నులక మంచాల పనిని దివాను మంచాలల్లే ఇంకొకడు, భీమప్పకిస్తానన్నాడు.

“వాడు నెలనెలా వచ్చి వదులైన నులక బిగిస్తాడు. నువ్వు మూడేళ్లుగా మొహమే చూపించలేదు!” అన్నాడు, మంచం మీద వెల్లకిలా పడుకుని. పడుకుని తీర్పులివ్వడం పెద్దవాళ్లకు అలవాటే.

“మీ కిందున్నది నేనల్లిన మంచమే దొరా! వదులైతేగా నేను రావడానికి? సరే, భీమప్పకే ఇవ్వండి. వియ్యంకులవారు మంచంలో కూరుకుపోతే పైకి లాగుతాడు. ఎలాగూ వస్తూనే ఉంటాడుగా!”

దివాను గబుక్కున లేచి కూర్చున్నాడు. మంచం ఇసుమంతైనా కుంగలేదు.

ఆ తడి నులక వాసన, వెన్నెల్లో వరసగా వాల్చిన ఆ మంచాలు ఇప్పుడెక్కడివి? దివాను రాయించిన మాట మాత్రం మిగిలింది: మాఘ శుద్ధ దశమి, నలభై మంచాలు, నాంచారమ్మకు.